బానెట్ మీద పుర్రె

ఇంటి ముందు తెల్ల కారు. పక్కన బకెట్లో సబ్బునీళ్లు, వాటిని చిమ్మే సీసా. భార్య, భర్త.

"అన్ని నీళ్లు కొట్టకండి అంటుంటే వినరేం? పుర్రె జారిపోతోంది!"

"సబ్బునీళ్లు బాగా కొడితేనే కదే అటూ ఇటూ జరుపుకోవచ్చు. లేకపోతే పెట్టినచోటే అతుక్కుపోతుంది."

"అతుక్కుపోవాలనే కదండీ అంటిస్తున్నాం! స్టిక్కరు కారుకి అతుక్కుంటే, కారు మనింటికి అతుక్కుంటుంది."

"అది కాదు... ఒకవేళ రేపు వద్దనుకుంటే..."

"ఎవరు వద్దనుకుంటే?"

"ఎవరో ఒకరు."

"ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మూల పట్టుకోండి. గట్టిగా! చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటారేం?"

"అసలు బానెట్ అంతా పరుచుకునే పుర్రె తేవాలా? షాపులో చిన్న ఆకు బొమ్మ చూపించాను. రెండాకులు, మధ్యలో ఓ మొగ్గ. పెట్రోలు మూత మీద పెడితే ఎంత నాజూగ్గా ఉండేది!"

"ఆ మొగ్గని చూసి మీ అన్నయ్య హడలిపోయేవారు మరి."

"పెద్దవాణ్ణి హడలగొట్టడం ఎందుకు, పాపం..."

"మళ్లీ మొదటికొచ్చారూ? సరే, చెప్పండి. సోమవారం నుంచి నేనెక్కడికి వెళ్లాలి?"

"ల్యాబుకి."

"ఎన్నింటికి?"

"ఆరింటికి. తెలుసులే."

"తెల్లారకముందే జనం పరగడుపున వచ్చి కూర్చుంటారు. నేను సూది పట్టుకుని అక్కడుండాలి రక్తం తీయడానికి. ఆ వేళకి బస్సుందా?"

"లేదు."

"కారుందా?"

"ఉంది. అంటే... అన్నయ్య తీసుకెళ్లని రోజు ఉంటుంది."

"తీసుకెళ్లని రోజు ఏదో ఒకటి చెప్పండి, వింటాను."

"మొన్న... కాదు, మొన్న గ్రంథాలయం సభ. నిన్న వక్తృత్వ పోటీలు. ఇవాళ సాయంత్రం... ఏదో ఆవిష్కరణ అన్నాడు."

"సోమవారం పొద్దున?"

"సోమవారం విశ్రాంత ఉద్యోగుల సంఘం వాళ్లు ఉదయపు నడక మొదలెడుతున్నారట. దానికి అన్నయ్య అధ్యక్షుడు."

"నడక మొదలెట్టడానికి కారులో వెళ్తారా?"

"అధ్యక్షుడు కదే! నడిచి వెళ్తే ఏం బావుంటుంది?"

"చూశారా? ప్రిన్సిపాలుగా రిటైరయ్యారు కదా, ఇక ఇంట్లో కూర్చుంటారనుకున్నాను. ఊళ్లో ఎవరు మైకు పెట్టినా అధ్యక్షులు ఆయనే, కారు మాత్రం మనదే. తెల్ల చొక్కా, తెల్ల కారు. దిగగానే ఎవరో తలుపు తీస్తారు, ఎవరో సంచీ అందుకుంటారు. అక్కడ నేను బస్టాపులో గొడుగు తిరగబడిపోయి నిలబడితే, మన కారే నా మీద బురద కొట్టి పోయింది. గుర్తుందా?"

"అన్నయ్య చూసుకోలేదటే."

"చూసుకున్నారు. చెయ్యి ఊపారు."

"సరే సరే, ఇప్పుడు ఏం తీయాలి? వెనక కాగితమా?"

"వెనక కాగితం తీసేశాంగా. మధ్యలోంచి అంచుల వైపుకి గీరండి. ఆ పాత కార్డుకి గుడ్డ చుట్టి ఇచ్చాను కదా, దాంతో. నీళ్లూ గాలీ అన్నీ బయటికి పోవాలి."

"కంటి దగ్గర బుడగ వచ్చింది."

"సూదితో పొడవండి."

"కంట్లోనా?"

"అబ్బ, పుర్రెకి కన్నెక్కడిదండీ? గుంటలో మంట బొమ్మే కదా! పొడవండి."

"నువ్వు రోజూ దీన్ని వేసుకుని వెళ్తావా? ఆలోచించు. పరగడుపున నీరసంగా కూర్చున్నవాళ్ల ముందు, కళ్లలోంచి మంటలొచ్చే పుర్రెతో రక్తం తీసే ఆవిడ దిగితే..."

"కళ్లు తిరిగి పడతారు. పడితే మంచిదే, కదలకుండా తీయించుకుంటారు. నేను అన్నీ ఆలోచించుకున్నాను. నలుగురూ నవ్వినా నాకేం ఫర్వాలేదు. మీ అన్నయ్య మాత్రం దీంట్లో ఎక్కరు. పుర్రె మీద ఊరేగి ఏ సభకీ ఏ అధ్యక్షుడూ వెళ్లడు."

"ఏమో. నాకేదో అన్యాయంగా ఉంది."

"అన్యాయమా? మీరు ఒక్క మాట అంటే ఈ సబ్బునీళ్లన్నీ పారబోసి లోపలికి పోయి పడుకుంటాను. అనగలరా?"

"ఏ మాట?"

"'అన్నయ్యా, ఇక కారు ఇవ్వడం కుదరదు.' ఇంతే. ఒకసారి అనండి. నేనే మీ అన్నయ్య అనుకోండి. 'ఒరేయ్ తమ్ముడూ, కారు తీసుకెళ్తున్నాన్రా!' ఊఁ, చెప్పండి."

"అన్నయ్యా..."

"ఊఁ."

"అన్నయ్యా, కారు... ఇవ్వడం..."

"ఊఁ, ఊఁ."

"కారు ఇవ్వడం ఆలస్యమైందని ఏమనుకోకు. పెట్రోలు పోయించే ఉంచాను."

"ఇంకేం! వెనక సీట్లో దుప్పటి కూడా పరవండి."

"నువ్వు అలా అన్నయ్యలా కళ్లు చిట్లించి చూస్తే నా నోరు పెగల్లేదే. నిజంగా అడిగితే చెప్తాను."

"నిజంగా అడిగినప్పుడు గంగిరెద్దులా తలూపుతారు. నేను చూడలేదా? అవునూ, ఒకటడుగుతాను, నిజం చెప్పండి. బుధవారం తాళం నేను పంచదార డబ్బాలో దాచాను."

"పంచదార డబ్బాలోనా? ఎందుకూ?"

"దాచాను. సాయంత్రానికి కారు లేదు. తాళం మాత్రం పంచదారలోనే ఉంది. ఎలా వెళ్లింది కారు?"

"ఇక్కడ ఇంకో బుడగ వచ్చినట్టుంది."

"బుడగ తర్వాత. ఎలా వెళ్లింది?"

"తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి పెట్టేశాడేమో."

"సభాధ్యక్షులవారు మన వంటింట్లోకొచ్చి, పంచదారలో చెయ్యి పెట్టి, తాళం తీసుకుని, మళ్లీ తెచ్చి అందులోనే పాతిపెట్టి వెళ్లారంటారా? చేతికి చీమలు పట్టలేదూ?"

"పెద్దాయన ఓర్చుకున్నాడేమో."

"మీరే తీసిచ్చారు కదూ?"

"నీ మీద ఒట్టు! ఆ తాళం నేను ఇవ్వలేదు. ఆ డబ్బా మూతైనా ముట్టుకోలేదు. నీళ్లు కొట్టనా?"

"వద్దు! ఇంక నీళ్లు కాదు, పై కాగితం తీయాలి. ఇది తీస్తే అయిపోయినట్టే. మెల్లగా, పక్కకి వాల్చి లాగండి. పైకి లాగొద్దు. మెల్లగా... మెల్లగా అంటే!"

"అయ్యో."

"ఏవైంది?"

"దవడ దానికదే అతుక్కుపోయింది."

"లాగండి! ఇటు, ఇటు... అటు కాదండీ! హెయిర్ డ్రైయరు పెట్టండి, వేడికి సాగుతుంది... ఆపండి, ఆపండి, మరీ సాగిపోయింది!"

"ఏవిటే ఇది, నవ్వుతోంది!"

"నవ్వడమేంటి, పళ్లికిలిస్తోంది. అచ్చం మీరు మీ అన్నయ్య ముందు నిలబడ్డట్టే ఉంది."

"భయం పోయింది దీంట్లో. చూడు, కాస్త ముద్దుగానే ఉంది."

"ముద్దుగా ఉంటే కొంప మునిగినట్టే! అన్నం తినిపించి ఎత్తుకెళ్తారు బావగారు. గీరండి, ఆ మూతి కిందికి గీరండి. త్వరగా... గేటు చప్పుడైంది."

"అన్నయ్యే!"

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"లోపల స్టవ్ మీద ఏదో పెట్టినట్టున్నాను."

"పెళ్లైనప్పట్నుంచీ స్టవ్ ముట్టుకోలేదు మీరు. నిలబడండి ఇక్కడ. నోరు తెరవకండి, అంతే. మిగతాది పుర్రె చూసుకుంటుంది. రండి బావగారూ, రండి!"

"ఆఁ, వస్తున్నానమ్మా. ఒరేయ్ తమ్ముడూ, కారు బయటే పెట్టించావా, మంచి పని చేశావు. ఆవిష్కరణకి టైమైపోతోంది, నేను... ఏవిట్రా ఇది!"

"పుర్రె అన్నయ్యా."

"పుర్రె అని నాకు తెలీదట్రా? ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. పైగా తప్పుల పుర్రె. కింది దవడ ఇలా ఉండదు. ఇలా ఉన్నవాడు బతికుండగా అన్నం నమల్లేడు. ఎవర్రా చేసింది ఈ పని?"

"తెలీదన్నయ్యా. పొద్దున లేచి చూసేసరికి..."

"ఏవండీ!"

"ఎవరో కుర్రాళ్లు..."

"మరి నీ చేతిలో ఆ సీసా ఏంటి?"

"కడుగుదామని."

"ఆ డ్రైయరు?"

"కడిగాక ఆరబెడదామని."

"బావగారూ, ఆయన మాట వినకండి. నేనే అంటించాను. ఏరి కోరి తెచ్చి, పొద్దుట్నుంచి కూర్చుని, నా చేతుల్తో నేనే అంటించాను."

"చూశావురా? ఇంటి పరువు పోతుందని నింద తన నెత్తిన వేసుకుంటోంది. ఇలాంటి ఇల్లాలు దొరకడం నీ అదృష్టంరా. ఈ మాట ఇవాళ సభలో చెప్తాను."

"అయ్యో, నిజంగా నేనే బావగారూ! మాకు ముచ్చటైంది, పెట్టుకున్నాం. మీ హోదాకి ఇది తగదు, నాకు తెలుసు. దీంట్లో మీరు సభకి వెళ్తే ఏం బావుంటుంది చెప్పండి? ఆటో పిలవనా?"

"నిజమేనమ్మా, దీంట్లో వెళ్లలేను. ఇవాళ్టికి ఎలాగో పోతాను. కానీ ఇలా వదిలేస్తామా? ఒరేయ్, నా పాత శిష్యుడికి షెడ్డుంది. వాడికి అప్పగిస్తాను. ఈ దరిద్రం గీకించేసి, బండి మొత్తానికి మళ్లీ తెల్ల రంగు కొట్టిస్తాను. ఓ నెల పడుతుంది, పట్టనీ. తర్వాత కూడా ఇక్కడ పెట్టొద్దు, ఈ కుర్రాళ్లతో భద్రం లేదు. మా ఇంటి దగ్గర షట్టరుంది. అక్కడే ఉంటుంది."

"మీ ఇంటి దగ్గరా?"

"మీకెందుకమ్మా ఈ శ్రమంతా? నేను చూసుకుంటాను."

"బావగారూ, ఒక్క నిమిషం కూర్చోండి. కూర్చోకపోతే నిలబడే వినండి. సోమవారం నేను ఉద్యోగంలో చేరుతున్నాను. పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నాలు చదువుకుని, డ్రైవింగు నేర్చుకుని తెచ్చుకున్న ఉద్యోగం. తెల్లారేసరికి అక్కడుండాలి. కారు లేకపోతే ఉద్యోగం లేదు. మీరంటే నాకు గౌరవమే. కానీ కారు ఇవ్వను. షెడ్డుకీ ఇవ్వను, సభకీ ఇవ్వను. చెప్తుంటే నాకే ఏడుపొస్తోంది, అయినా చెప్పేస్తున్నాను. ఇవ్వను."

"అబ్బ! ఎంత ధారాళంగా మాట్లాడావమ్మా! మా వక్తృత్వ పోటీల్లో ఒక్కరూ ఇలా మాట్లాడలేదు. ఏరా, విన్నావా?"

"విన్నానన్నయ్యా."

"నువ్వేమంటావు?"

"చెప్పండి. ఇందాక అనుకున్నాంగా. చెప్పండి, నేను పక్కనే ఉన్నాను."

"అన్నయ్యా..."

"ఊఁ."

"కారు... ఇవ్వడం... కుద..."

"కుద?"

"కుదురుతుందేమో... చూస్తాను."

"ఏవండీ! ఎలా కుదురుతుందండీ? ఇదిగో తాళం, నా గుప్పిట్లో ఉంది. ఎవరొచ్చి తీసుకుంటారో నేనూ చూస్తాను!"

"అయ్యయ్యో, దానికోసం అంత బెంగెందుకమ్మా? నీ తాళం నువ్వే ఉంచుకో. అడగడానికి నాకు మొహమాటం, కాదనడానికి తనకి మొహమాటం అని, పోయినేడే ఇంకోటి చేయించి నా చేతిలో పెట్టాడుగా మీ ఆయన."