పలకరాతి గోడ

"మీ అత్తను చంపింది పలకరాతి గోడ."

మార్కాపురంలో, ఒక ముసలి మేస్త్రీ తన ఇంటి అరుగు మీద అన్న మాట ఇది. రాయి కోసే మిషన్ అడగడానికి వచ్చినవాడు వరసకు అల్లుడు, వాడూ మేస్త్రీనే.

"అదేంది మామా, నేను మిషన్ అడిగితే? కొమరోలు దగ్గర విల్లా పని వచ్చింది. హాల్లో ఒక గోడంతా మన పలకరాయే పెట్టాలంట. డిజైనర్ గీసిచ్చినాడు."

"కింద మార్బుల్ పరిచినారా?"

"పరిచినారు. అద్దం మాదిరి ఉంది."

"అయితే పొడి లేవకుండా నీళ్ళు పోసి కోయనియ్యరు."

"మరకలు పడతాయంట. కిటికీలు కూడా మూసి కోయమన్నారు, బయట కొత్త రంగు మీద పొడి పడుతుందని."

"మాకూ అట్లనే చెప్పినారు. మార్బుల్‌కు దుప్పట్లు కప్పినారు. మీ అత్త మూతికి కొంగు కట్టుకుంది."

"ఎన్నాళ్ళు చేసినారు?"

"ఐదు నెలలు. కోసింది నేను, రాయి పట్టుకున్నది ఆమె. పొడంతా ఆమె మొహానికే కొట్టేది. తర్వాత రెండేళ్ళు దగ్గి పోయింది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనని డాక్టర్ చెప్పినాడు."

"నువ్వైనా కిటికీ తీయలేదా మామా?"

"ఆమె తీసింది. నేనే కసిరి మూయించినా."

ముసలాయన అల్లుడి మొహంలోకి చూశాడు.

"నీకు రాయి ఎవరు పట్టుకుంటారు?"

"నా పెళ్ళాం, రేచల్."

"మిషన్ ఇయ్యను. నీళ్ళు పోయనిచ్చే పని దొరికితే రా, ఇస్తా. మీ అత్త సంగతి మాత్రం మళ్ళీ అడగొద్దు. ఇంక నేను చచ్చేదాకా దీని గురించి నోరు తెరవను."