రోడ్డుకి జానెడెత్తులో ముక్కు

కళ్లజోళ్ల షాపాయన టీ కొట్టులోకి వస్తున్నాడంటే మేమంతా గ్లాసులు కాస్త వెనక్కి జరుపుకుంటాం. చేతులు ఊపకుండా ఆయనకి మాట రాదు. ఆ రోజు మాత్రం ఒక చేతిలో ఫోను పట్టుకుని, వానలో తడుస్తూ వచ్చాడు. కూర్చోకుండానే కొట్టు అక్కని అడిగాడు, “అక్కా, మా ఆవిడ కారు ఇటు వెళ్లడం చూశావా?”

“స్టేషన్ వైపు వెళ్లింది. చూడ్డం కాదు, చెవులు మూసుకున్నాను,” అంది అక్క.

అంతే, ఆయన ముఖం వెలిగిపోయింది.

“మూసుకోవాలి మరి! అది నా చేతి పని. మా మామగారు కుర్రతనంలో కొనుక్కున్న స్పోర్ట్స్ కారు అది, నేల మీద పాకే బండి. నన్ను నమ్మి కూతురినిచ్చాడు గానీ కారు మాత్రం నా చేతికివ్వలేదు మహానుభావుడు, కూతురి చేతికే ఇచ్చాడు. మీరు మాత్రం దాన్ని ముట్టుకోకండి అల్లుడుగారూ అని మరీ చెప్పి వెళ్లాడు. ఇప్పుడు రైలు దిగుతున్నాడు, ఆవిడ తీసుకురావడానికి వెళ్లింది. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి నేను ఉండిపోయాను. ఉండిపోవడమే మంచిదిలే, ఆ శబ్దం విన్నప్పుడు ఆయన పక్కన నేను లేకపోవడమే మంచిది.”

“అంటే ముట్టుకున్నారన్నమాట,” అన్నాడు టైలర్.

“ముట్టుకోక ఏం చేయను టైలర్ గారూ, దగ్గుతోంది పాపం! నేను చేసింది కూడా పెద్దదేం కాదు. సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడితే పీకేసి, వెడల్పాటి గొట్టం బిగించాను. కళ్లజోళ్లు బిగించే స్క్రూడ్రైవర్‌తోనే మొదలుపెట్టాను, తర్వాత స్పానర్ అడిగి తెచ్చుకున్నాననుకోండి, అది వేరే సంగతి. తాళం తిప్పాను. ఒక్క ఉరుము! మా షోకేసులో ఉన్న జోళ్లన్నీ ఒక్కసారి రోడ్డు వైపు తిరిగి చూశాయి, ఒట్టు.”

“జోళ్లు చూశాయా?”

“చూడ్డానికే కదండీ వాటిని చేసేది!”

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు, ఫోను చెవిదగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. వాన బాగా పెరిగింది. పైన టార్పాలిన్ నీళ్లు నిండి పొట్టలా వేలాడుతుంటే అక్క కర్రతో ఎత్తి పక్కకి పారబోసింది.

“ఎత్తడం లేదు. నడిపేటప్పుడు ఎత్తదులే, జాగ్రత్త మనిషి,” అన్నాడు మాతో కాకుండా తనలో తనే అనుకున్నట్టు. “ఏం చెప్తున్నాను? ఆఁ, ముక్కు. గొంతు ఒక్కటీ బాగుచేస్తే బండి పరిగెత్తదండీ, ముక్కు కూడా బాగుచేయాలి. లోపలికి గాలి దండిగా వెళ్తేనే బయటికి పొగ దండిగా వస్తుంది. గాలి వడకట్టే పాత ఫిల్టర్ డబ్బా పైన, ఇంజిన్ని ఆనుకుని ఉండేది. ఆ వేడిగాలి పీల్చి పీల్చి బండి నీరసపడిపోయింది. మరి చల్లగాలి ఎక్కడుంటుంది? కింద! అందుకని గొట్టం వంచి, ఫిల్టర్ని బంపర్ కిందకి దించేశాను. రోడ్డుకి జానెడెత్తు, అంతే. స్టార్ట్ చేసి కాస్త రైజ్ చేశానో లేదో వీధిలో దుమ్మంతా మాయం. ఊడ్చే ఆమె చీపురు చంకలో పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సందు చివర ఒక పిల్లి ముందుకి నడుస్తోంది గానీ వెనక్కి వస్తోంది! ముందుకే అడుగులేస్తోంది, వెనక్కే వస్తోంది. ‘నేనేం పాపం చేశాను నాయనా’ అన్నట్టు నా వంక ఒక చూపు చూసింది, జాలేసి ఇంజిన్ ఆపేశాను.”

“మా కొట్లో దారం రీళ్లు ఎటు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు టైలర్.

“అవి ఫిల్టర్లో ఉంటాయి, తీసిస్తాను. అసలు ట్రయల్ సంగతి వినండి. గేరు వేశాను, పెద్ద రోడ్డు చివరిదాకా వెళ్లాను, బండి ఆపాను, దిగాను. అంతా నిశ్శబ్దం! ఇదేంటి, ఇంత గొట్టం వేస్తే శబ్దమే లేదని బెంగపడ్డాను. సోడా ఒకటి తాగి మూత పారేస్తుంటే అప్పుడొచ్చిందండీ నా శబ్దం! నేను దాటొచ్చిన ఇళ్లన్నీ తట్టుకుంటూ, నన్ను వెతుక్కుంటూ తీరిగ్గా వచ్చింది. దారిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి దాన్నే ఆపాడట. బండేదని అడిగితే ఏం చెప్తుంది పాపం?”

చెయ్యి ఊపిన ఊపుకి పక్కాయన టీ ఒలికింది. కళ్లజోళ్లాయన అది గమనించలేదు, మళ్లీ ఫోను చూసుకుంటున్నాడు. రైలు ఎప్పుడో వచ్చేసి ఉండాలి.

“బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయట. ఇందాక పాలవాడు ఊరంతా చుట్టి వచ్చాడు,” అంది అక్క.

“నిలిస్తే నిలవనీ. ఏటా ఆ నీళ్లలోంచే వెళ్తుంది బండి. ఆవిడకి అలవాటే, భయపడదు.”

“అప్పుడు ముక్కు పైనుండేది కదండీ,” అన్నాడు టైలర్ మెల్లగా. “ఇప్పుడు జానెడెత్తే అన్నారు. నీళ్లలోకి దిగితే గాలికి బదులు నీళ్లు పీల్చదూ? ఇంతకీ ముక్కు కిందకి దించిన సంగతి అమ్మగారికి తెలుసా?”

కళ్లజోళ్లాయన టీ గ్లాసు నోటిదాకా తెచ్చి మళ్లీ దించాడు. “తెలిస్తే వాళ్ల నాన్నకి చెప్పేస్తుంది కదండీ. సైలెన్సర్ ఒక్కటే మార్చానన్నాను.”

బ్రిడ్జి అవతలే స్టేషను, వేరే దారి చాలా చుట్టు. నీళ్లు చూసి ఆగే మనిషి కాదు ఆవిడ, ఆగాల్సిన అవసరం కూడా ఆమెకి తెలీదు. మాకూ గుబులు పుట్టింది. ఆయన మాత్రం ఇంకా గొంతు పెంచాడు.

“పీలిస్తే పీలుస్తుంది! నీళ్లకి భయపడే బండా అది? తాగేస్తుందండీ! బ్రిడ్జి కింద నీళ్లు ఒక్క గుక్క! మొన్న చెరువు గట్టు మీద ఆపితే, నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి చెరువులో చేపలు నిలబడి ఉన్నాయి, ఈదడానికి నీళ్లేవీ? లోపలికెళ్లిన నీళ్లు ఇంజిన్ వేడికి ఆవిరైపోయి సైలెన్సర్లోంచి బుస్సుమని పైకి పోయాయి. పైకి పోయి ఏమయ్యాయి? మబ్బయ్యాయి! ఈ వాన ఎక్కడిదనుకుంటున్నారు మీరు? నాదే! నా బండి మొన్న తాగిన చెరువే ఇప్పుడు మీ నెత్తిన పడుతోంది. కాబట్టి ఆవిడకి ఏమీ కాదు. ఏమవుతుంది? ఏమీ కాదు కదా టైలర్ గారూ?”

టైలర్ ఆయన భుజం మీదుగా బయటికి చూస్తున్నాడు. టార్పాలిన్ అంచున ఒక పెద్దాయన, ఎప్పుడొచ్చాడో ఏమో, నిలబడి వింటున్నాడు. ప్యాంటు మోకాళ్ల పైదాకా తడిసింది, బూట్లు చేతిలో ఉన్నాయి.

“నీళ్లు తాగిన మాట నిజమే అల్లుడుగారూ,” అన్నాడాయన. “మబ్బు మాత్రం రాలేదు. లోపల ఏదో ఠప్పుమంది, అంతటితో సరి.”

కళ్లజోళ్లాయన లేచాడు. బల్ల వెనక్కి పడింది. “మామయ్యగారూ, తనకేం...”

“తనకేం కాలేదు. నీళ్ల మధ్యలో, సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఫోను తడిసిపోయింది. ముక్కు సంగతి ఇప్పుడే ఇక్కడ విన్నాను, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. ముందు బండి నెట్టాలి, మిమ్మల్ని పిలుచుకు రమ్మంది.”

కళ్లజోళ్లాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబురుమాలు కోసం తడుముకున్నాడు, దొరకలేదు, చొక్కా చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. వానలోకి ఒక అడుగు వేశాక, అలవాటైన నోరు ఊరుకుంటుందా, వెనక్కి తిరిగాడు.

“నెట్టడానికేముంది మామయ్యగారూ, ఒక్క చేత్తో...”

“రెండు చేతులూ పెట్టండి,” అన్నాడు మామగారు బూట్లు అక్క చేతికిస్తూ. “బ్రిడ్జి కింద నుంచి రోడ్డంతా ఎత్తే.”