రోమన్ వరండా

ద్వారకా నగర్‌లో జోరువాన. తల్లిని పట్టుకుని, కొత్తగా కట్టిన బట్టల షోరూమ్ వరండా ఎక్కిన తాపీమేస్త్రీని, మెట్ల కింద నిలబడ్డ గార్డు అదిలించాడు.

“దిగండి. ఇది కస్టమర్లకే.”

“అమ్మ కంటికి నిన్ననే ఆపరేషనైంది. తడిస్తే ఏటవుద్ది?”

“ఓనరు ఒప్పుకోడు.”

“ఈ స్తంభాలు కట్టింది నానే! రోములో దారిన పోయేవోళ్లకి ఎండా వానా తగలకుండా ఇలాటి స్తంభాల వరండాలు కట్టీవోరని ఇంజినీరుగారు సెప్పినారు. మీ ఓనరుకి స్తంభాలే కావాలా, మనుషులొద్దా?”

“నామీద అరవకు బావా. నన్నూ ఎక్కనివ్వడు. పొద్దున్నించీ ఇక్కడే తడిసిపోతన్నాను.”

“ఆ మెట్ల పక్కనున్న స్టూలు నీదేనా?”

“నాదే.”

“పైకి తే. అమ్మ కూకుంటాది. నువ్వూ ఎక్కు. ఓనరొస్తే నాను మాటాడతాను.”

గార్డు స్టూలు తీసుకుని మెట్లెక్కాడు.