గోడలో రైలుదారి

మదనపల్లెలో వడ్రంగి దాసప్ప కట్టుకున్న ఇల్లు, 2002, వేసవి. ఆయన పోయి ఏడాది తిరక్కముందే కొడుకులిద్దరూ వేరుపడుతున్నారు. రేపు మేస్త్రీ వచ్చి ఇంటికి నడుమ గోడ ఎత్తుతాడు. ముందరి హాలు నిండా దాసప్ప బల్లల మీద పరిచిన బొమ్మరైలు దారి ఉంది, కుప్పం, పుంగనూరు, మదనపల్లె స్టేషన్లతో సహా. సున్నంతో గీసిన గోడ గీత సరిగ్గా ఆ బల్లల కిందుగా పోతోంది. చిన్నవాడు నరేంద్ర సాయంత్రం వచ్చేసరికి అన్న మల్లప్ప పట్టాల మీదికి వంగి ఉన్నాడు. తల ఎత్తి చూసి, తమ్ముడి చేతికి ఒక సిరంజీ ఇచ్చాడు.

"అట్ల పోయొద్దురా. ఫెవికాల్‌లో నీళ్లు కలిపినా గదా, చుక్కచుక్కగా ఇడవల్ల. కంకర కదలగూడదు."

"నువ్వే ఇడువన్నా. నాకు సరిగ్గా రాదు."

"రాకుంటే నేర్చుకో."

"యాల? ఎప్పుడూ నువ్వే గదా ఇడిచేది."

"ఇప్పుడు నువ్వు ఇడువు. ఆఁ, అట్ల. చాలు. చాలంటాండా గదా. ఇంగ ముట్టొద్దు దాన్ని, తెల్లారేసరికి గట్టిపడతాది."

"ఈ కంకర యాడిది? ముందరిది తెల్లగా ఉండె."

"కుప్పంలో గ్రానైటు కోసేచోట రాలిన పొడి. టీ జల్లెడలో పట్టినా. నలుపూ తెలుపూ కలిసి అసలు కంకర మాదిరే ఉండాది, సూడు."

"బాగుండాది. కుప్పం ఎప్పుడు పోతివి?"

"పోతిలే."

"వదిన పుట్టింటికా?"

"పని ఉండి పోతి. ఆ చీపురుపుల్ల ఇట్లియ్యి."

"నాకు చెప్పింటే నేనూ వస్తాంటి. అసలు కుప్పం స్టేషను సూసి శానా దినాలాయె. నాయన కట్టింది సరిగ్గా ఉండాదో లేదో సూసుకోవచ్చు."

"సరిగ్గా లేదు. అసలు స్టేషన్లో నీళ్లకొళాయి ఈ పక్కుండాది. నాయన ఆ పక్క పెట్టినాడు."

"మార్చేద్దామా?"

"వద్దు. ఉండనీ."

"అన్నా, మేస్త్రీ రేపు ఎన్నింటికొస్తాడు?"

"పొద్దన్నే."

"గీత సూసినా. కుప్పం నీ పక్క పడతాది. పుంగనూరు, మదనపల్లె నా పక్క."

"ఊ."

"ఊ అంటే?"

"ఊ అంటే సరే అని."

"సరే యాడిదన్నా. గోడ లేస్తే బండి యాడ తిరగతాది? నీ పక్క సగం పట్టా, నా పక్క సగం పట్టా. రవ్వంత దూరం ముందుకు పోయి మల్ల వెనక్కొచ్చేదాన్ని రైలంటారా? చుట్టుకోని రావల్ల, అప్పుడే రైలని గదా నాయన అన్నింది."

"నాయన శానా అన్నాడు. పుంగనూరుకు రైలొస్తాది అన్నాడు. వచ్చిందా?"

"ఈడొచ్చింది గదా."

"ఈడే వచ్చింది."

"రామసముద్రం మామ వచ్చినప్పుడంతా ఎగతాళి చేస్తాండె గదన్నా. ఏం దాసప్పా, పుంగనూరు దాకా తెచ్చినావు గదా, మా ఊరికి గూడా రెండు బోగీలు తిప్పరాదా, బస్సులో నడుం ఇరుగుతాండాది అని."

"నాయన నగలేదు. పెన్సిలు తీసుకోని బల్ల మీద యాడ మలపల్ల అని నిజంగానే గీసి సూసినాడు. ఇదో, ఆ గీత ఇంగా ఉండాది."

"అందుకే అంటాండా. గోడలో కంత పెడదాం."

"ఏం కంత?"

"బండి దూరేంత. పోయేదానికొకటి, వచ్చేదానికొకటి. చుట్టూ సిమెంటు పూసి, పైన కమాను మాదిరి గీస్తే సొరంగమే గదా. చూసినోళ్లు గోడనుకోరు, కొండనుకుంటారు. నువ్వు ఆ పక్క కుప్పంలో కూర్చో, నేను ఈ పక్క..."

"ఇంజను మీద దుమ్ముండాది. తుడువు."

"అడగతాండా గదన్నా."

"ఇనపడింది. బట్టకు రవ్వంత కిరసనాయిలు అంటించు. చక్రాలకే. పైన రంగుకు తగలనీయొద్దు. దొరిచ్చినప్పటి రంగది, పోతే మల్ల రాదు."

"నాకు తెలీదా. ఆస్పత్రి దొర తన దేశం పోతా పోతా, మంచి బీరువాలు చేసిచ్చినావని నాయనకిచ్చినాడు. ఇంజనూ, రవ్వంత పట్టా. మిగిలిందంతా నాయన చేసిందే. నేనేం కొత్తోన్నా, ఇట్ల చెప్తాండావు?"

"తెలిస్తే మంచిదే. ఏ చక్రం జారతాదో తెలుసునా?"

"అది తెలీదు."

"ఎడమ పక్క వెనకది. వేడెక్కితే జారతాది. జారినప్పుడు బలవంతంగా నూకితే ఇరుగుతాది. సల్లారనిచ్చి గోటితో తిప్పు. దానికదే కూర్చుంటాది."

"అది జారితే నిన్ను పిలస్తా. గోడ తడితే ఇనపడదా?"

"నువ్వే నేర్చుకో."

"పట్టా మారేచోట టంకం ఊడితే?"

"అదీ నేర్పిస్తా. ఇట్లరా. వైరు ఇట్ల పట్టుకో. ముందు వైరును కాల్చల్ల, టంకాన్ని కాదు. వైరు వేడెక్కితే టంకం దానంతటదే పారతాది. అందరూ చేసే తప్పు అదే, టంకాన్ని కాలుస్తారు."

"నాయన నన్నెప్పుడూ టంకం పట్టుకోనీయలే."

"నువ్వు ఓసారి చొక్కా కాల్చుకుంటివి. అందుకని."

"నీ చొక్కా గదన్నా అది. నీదేసుకోని కాల్చినా."

"అవునా. నాదేనా. మరిచిపోతి."

"కాఫీ తీసుకోండి. నరేంద్రా, నీకు చక్కెర తగ్గించినా, అప్పా."

"ఆడ పెట్టు వదినా. ఏం, ఇత్తడి సామానంతా గోతాల్లో కట్టినావు?"

"గోడ కడితే దుమ్ము పడతాది గదప్పా."

"గోడ ఈడ. వంటిల్లు ఆ చివర."

"దుమ్ముకు ఈడా ఆడా అని ఉంటాదా."

"దేవుని పటాలు గూడా దించినావే. గోడ మీద మేకులు మాత్రమే ఉండాయి. స్వామికి గూడా దుమ్ము భయమా వదినా?"

"మీ అన్ననే అడుగప్పా. ఏమండీ, చెప్పినారా?"

"చెప్తా. నువ్వు పో, మునీశ్వరీ."

"పొద్దన్నుంచి చెప్తా చెప్తా అనే అంటాండారు."

"చెప్తా అంటి గదా."

"ఏం చెప్పేది వదినా?"

"మీ అన్నే చెప్తాడు. కాఫీ సల్లారతాది, తాగండి."

"...ఏందన్నా?"

"ఏం లేదు. ట్రాన్స్‌ఫార్మరు వైర్ల సంగతి. ఎర్రదీ నల్లదీ మారిస్తే బండి వెనక్కి పోతాది. మీ వదిన ఓసారి తుడస్తా తుడస్తా మార్చేసి, బండి బల్ల మీదినుంచి కింద పడింది. అది చెప్పమంటాది."

"అదా."

"అదే."

"ఇంజను నీ దగ్గరే పెట్టుకో అన్నా. బోగీలు గూడా. నాకేం వద్దు. కంతకు మాత్రం ఒప్పుకో."

"ఇంజను నీ దగ్గరే ఉండనీ."

"అదేం భాగం? పంచాయితీలో పెద్దమనుషులు ఏం రాసినారు?"

"పెద్దమనుషులు గదులు రాసినారు, బావి రాసినారు. రైలు రాయలే. రెడ్డెప్ప మామ అడిగినాడు, ఈ బొమ్మలు ఎవురికప్పా అని. చిన్నోనికి అంటి."

"నన్నడగకనే?"

"నువ్వు వద్దంటావా?"

"వద్దనను. సగం రైలు నేనేం చేసుకోవల్ల అంటాండా."

"ఆ బుట్టలు ఇట్లియ్యి. మన మదనపల్లె ప్లాట్‌ఫారం మీద పెట్టల్ల. ఆవాలకు ఎర్రరంగేసినా. టమేటాలు."

"ఆవాలు. నాకు తోచలేదు సూడు. అన్నా..."

"ఊ."

"ఆ మాట మనసులో పెట్టుకోనే గదా వేరుపడదాం అంటివి?"

"ఏ మాట?"

"నీకు తెల్సు."

"నాకేం తెల్సు. బుట్ట గట్టిగా పట్టుకోవద్దు, ఆవాలు రాలతాయి."

"పదకొండో దినం నాడు. బంధువులందరి ముందర. నాయన్ను ముందే బెంగుళూరుకు తీసుకోని పోయింటే బతికేటోడు, అన్నే జాగు చేసి సంపినాడు అంటి."

"అంటివి."

"నువ్వు నన్ను తిట్టింటే బాగుండు. ఓ దెబ్బ కొట్టింటే బాగుండు. లేసిపోయి పంక్తికి విస్తళ్లు ఏస్తాంటివి. ఎవురో చారు అడిగితే చారు పోస్తివి."

"వాళ్లు ఆకలితో ఉండారు గదా."

"కోపమా అన్నా నా మీద?"

"కోపం రాలే. వస్తాదేమో అని సూస్తాంటి. రాలే. ఏడుపు గూడా రాలే. పన్ను పీకేముందు సూదేస్తారు సూడు, అట్లుండాది. మాట్లాడతాంటే నోరు నాది కాదన్నట్లు ఉంటాది. అన్నం తింటే అన్నమో కాదో తెలీదు."

"ఇంగా అట్లే ఉండాదా?"

"అట్లే ఉండాది."

"గుడికి పోతాండావు గదా శనివారం శనివారం."

"పోతాండా. స్వామి ముందర నిలబడుకుంటా. అందరూ దండం పెడతాంటే నేనూ పెడతా. ఏం అడగల్లో తెలీదు. తీర్థం తీసుకోని వచ్చేస్తా. ఏమీ అడగని మనిషిని స్వామి గుర్తు పెట్టుకుంటాడా అని ఓసారి అనిపించె."

"పెట్టుకుంటాడు."

"ఏమో. పెట్టుకుంటే మంచిదే. ఈడ కూర్చుంటే మాత్రం చెయ్యి కదల్తాది. కంకర పోస్తాంటే తలలో కంకరే ఉంటాది. అంత వరకు బాగుంటాది."

"నిజం చెప్పన్నా. బెంగుళూరుకు యాల జాగు చేస్తివి?"

"ఆ వంతెన సూడు."

"అడిగిందానికి చెప్పన్నా."

"చెప్తాండా. పుంగనూరు ఏటి మీద వంతెన, సూడు. అంతా గొడుగు ఊచలతో కట్టిందే. ఒక్కొక్క ఊచ కోసి, వంచి, టంకం పెట్టల్ల. నాయనకు దగ్గులో నెత్తురు కనపడిన పొద్దే నేను బ్యాగు సర్దినా. బస్సుకు పోదాం పా నాయనా అంటి. ఈ వంతెన అయిపోనీ మల్లా, పోదాం అన్నాడు. ఆస్పత్రికి పోయినోడు తిరిగొస్తాడో రాడో, ఏటి కాడ పట్టా తెగిపోయి ఉంటే బండి యాడికి పోతాది అన్నాడు."

"నాకు చెప్పలే."

"నువ్వు కలకడలో ఉద్యోగం. చిన్నోనికి చెప్పొద్దు, వాడొచ్చి నన్ను ఎత్తుకోని పోతాడు అన్నాడు. నేనేం చేయల్ల? అరిచి సూసినా. మీ వదిన ఏడ్చి సూసింది. ఆయన చెయ్యి ఆడదు, ఊచ జారిపోతాంటే మల్ల తీస్తాడు. అప్పుడు నేనే కూర్చుంటి. తొందరగా అయిపోతే బిన్నా పోవచ్చని ఊచలు నేను పట్టుకుంటి, ఆయన టంకం పెట్టె. అయిపోయినాంక పోతిమి. అప్పటికి డాక్టరు ఇంగ లాభం లేదని తల ఆడించేసె."

"ఆ పొద్దు అందరి ముందర నేనంటే, ఇది చెప్పొచ్చు గదన్నా."

"చెప్తే? బొమ్మవంతెన కోసరం ముసలాయన పానం పోగొట్టుకున్నాడంట అని విస్తరి ముందర కూర్చోనే నగతారు. నాయన్ను నగేదానికంటే నన్ననుకోనీ అనుకుంటి."

"నాకు ఒక్కనికైనా చెప్పింటే."

"చెప్దామనే ఉంటి. నోరు రాలే. ఊచలు పట్టుకున్నోన్ని నేనే గదా. పట్టుకోకుండా ఉంటే ఏమయ్యేదో. కోపమొచ్చి లేసి బస్సెక్కేటోడేమో. నువ్వన్నదాంట్లో రవ్వంత నిజముండాదేమో. నాకు తెలీదు. స్వామిని అదే అడగల్లేమో. అదీ అడగలే."

"లేదన్నా. లేదు. తప్పు నాది. అందరి ముందర అన్న మాట, అందరినీ పిలిపించి మల్ల చెప్తా. రామసముద్రం మామను, రెడ్డెప్ప మామను, అందరినీ."

"వద్దు. ఎవురినీ పిలవొద్దు."

"అయితే గోడ గూడా వద్దు. మేస్త్రీకి నేను చెప్తా రావద్దని. ఈ గీత ఇప్పుడే చెరిపేస్తా. నీళ్లు యాడుండాయి?"

"చెరపొద్దు."

"యాల?"

"గోడ లేయల్ల నరేంద్రా."

"నీ ఇష్టం. గోడ లేయనీ. నన్ను నువ్వు నమ్మేదానికి ఇంగా దినాలు పడతాది, పడనీ. కంత మాత్రం పెట్టనీ అన్నా. రెండొద్దులే, కష్టమైతే ఒకటే పెట్టు, బండి పోయి అదే దారిన వెనక్కొస్తాది. సాయంత్రం ఓసారి తిప్పుకుందాం. నేను ఈ పక్కనుంచి పంపిస్తా, నువ్వు ఆ పక్కనుంచి పంపియ్యి. మాట్లాడొద్దులే, మాట్లాడాలని లేకుంటే. బండొస్తే నువ్వుండావని నాకు తెలుస్తాది, అంతే."

"కాఫీ తాగలే నువ్వు."

"అన్నా. అవును అను, కాదు అను. ఏదో ఒకటి."

"రెండు కంతలూ పెట్టించుకోరా. నా భాగం కొన్నాయన్ను ముందే అడిగినా, ఆ పక్క పట్టాల మీద ఏమీ అడ్డం పెట్టనన్నాడు."