బుజ్జిగాడి గిట్టలు

1985 మార్చి. మిషిగన్‌లో నోవై ఊరి చివర ఒక గుర్రపుశాల. డాక్టర్ జగదీష్ గారి భార్య పద్మిని, పశువైద్యం చదువుకున్న దక్షిణామూర్తి మాట్లాడుకుంటున్నారు.

"అక్కడే నిలబడిపోయారేం దక్షిణామూర్తి గారూ? లోపలికి రండి, కరవదు."

"కరుస్తుందని కాదమ్మా. మంచు కరిగి అంతా బురద, బూట్లు తడిసి ముద్దయ్యాయి. ఇంతకీ ఫోన్‌లో సగమే చెప్పారు. గుర్రానికి బాగోలేదన్నారు. ఇక్కడి డాక్టరుండగా మధ్యలో నేనెందుకు?"

"ఆయన నాలుగింటికి వస్తాడు. ఇంజెక్షన్ ఇవ్వడానికి."

"ఏం ఇంజెక్షన్?"

"చంపేదండీ."

"అయ్యయ్యో."

"మీరొక్కసారి చూసి, బతుకుతుందని చెప్పండి చాలు. ఇంకేమీ అడగను."

"చూడండి పద్మిని గారూ. తిరుపతిలో పశువైద్యం చదివాను, నిజమే. కానీ ఇక్కడ నాకు లైసెన్స్ లేదు. నేను చేసేది మీట్ ఇన్‌స్పెక్షన్. కోసి కొక్కేలకి వేలాడదీసినవాటిని చూసి స్టాంపు కొడతాను. ప్రాణమున్న పశువు మీద చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో!"

"ఇప్పుడు వేయండి మరి."

"అనేశారూ! ఎంత తేలిగ్గా అనేశారు!"

"ఉగాది పార్టీలో భానుమతి గారే చెప్పారు, మావారు వెటర్నరీ డాక్టరని."

"మా భానుమతా? అలా చెప్పిందా? ఇంట్లో నా ఉద్యోగం పేరెత్తదు. ఎవరైనా అడిగితే గవర్నమెంట్ జాబ్ అని తప్పించుకుంటుంది. నేను సాయంత్రం వచ్చి స్నానం చేసేదాకా వంటింటి గడప తొక్కనివ్వదు. సరే, ఏ కాలు?"

"ముందు కాళ్ళు రెండూ. నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడతాడు. బరువంతా వెనక్కి వేసుకుని, చూడండి, అలాగ."

"చూస్తున్నా. మీ అమ్మాయి రేణు గుర్రమేనా ఇది?"

"రేణు ఇక్కడేనండీ నేర్చుకుంది. ఇంత పిల్లప్పుడు, నేనే రోజూ తీసుకొచ్చేదాన్ని. ఆ మూల బెంచీ మీద కూచుని స్వెట్టర్లు అల్లేదాన్ని. ఇప్పుడు బోస్టన్‌లో ఉంది కదా."

"ఇంజెక్షన్ సంగతి అమ్మాయికి తెలుసా?"

"దానికి పరీక్షలండీ."

"జగదీష్ గారేమన్నారు?"

"ఆయనకి ఆపరేషన్లు."

"నేనడిగింది అది కాదమ్మా."

"కాలు చూద్దురూ ముందు. బుజ్జీ, కాలియ్యి నాన్నా. ఇయ్యి. డాక్టర్ గారొచ్చారు, మనవాళ్ళే. ఆఁ, మా నాన్నే. చూశారా? ఇక్కడివాళ్ళు ఎంత లాగినా ఇవ్వడు."

"బుజ్జి ఏమిటి? ఆ పలక మీద డస్టీ అని రాసుందే?"

"అది వాళ్ళు పెట్టిన పేరు. దుమ్ము అని ఎవరైనా పేరు పెడతారా చెప్పండి?"

"వాళ్ళంటే ఎవరు?"

"గిట్ట వేడిగా లేదూ?"

"వేడా! కాలిపోతోంది. మడమ వెనక నాడి చూడండి, దడదడా కొట్టుకుంటోంది. ఓరి నీ... ఆగరా, ఆగు, అయిపోయింది. పాపం వీడికి ఎంత నొప్పిగా ఉందో! చూశారా, నా భుజం మీద తల వాల్చేశాడు."

"మీరు ఏడుస్తున్నారా?"

"లేదమ్మా, గడ్డి నలక పడింది. ఎక్స్‌రే తీశారా?"

"తీశారు. గిట్ట లోపలి ఎముక ఇంకా కిందికి జారలేదట. కానీ నొప్పి మందు ఇస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇక లాభం లేదని ఆ డాక్టరు అంటుంటే విన్నాను."

"ఎముక జారకపోతే అంత తొందరేమిటి? ఎవరు రమ్మన్నారు ఆయన్ని?"

"ఈ శాల ఓనరు, డోరతీ."

"మీతో చెప్పకుండానా?"

"బోర్డు మీద రాసుంటే చూశాను. అందుకేగా మీకు ఫోన్ చేశాను. ఇదిగోండి, ఈ మందు కూడా చూడండి. డెట్రాయిట్‌లో ఒక చైనా ముసలాయన మూలికల కొట్టుంది. వాళ్ళ నాన్న సైన్యంలో గుర్రాలకి వైద్యం చేసేవాడట. గిట్టలో మంట అని బొమ్మ గీసి చూపించాను. తలూపి, ఇవన్నీ దంచి ఇచ్చాడు."

"ఏదీ, ఇలా ఇవ్వండి. అరె, ఈ ఎర్రటివి కుసుమ పూలమ్మా! మా మేనమామ చేలో గట్ల వెంట వేసేవాడు. ఇదేమో... వాసన చూడండి."

"బోళం."

"అవును, బోళమే! బాలింతలకి పెట్టేది! ఇక్కడ మిషిగన్‌లో, చైనావాడి పొట్లంలో! ఈ పుల్లేమిటి, అతిమధురమా?"

"నాకూ అలాగే అనిపించిందండీ. పొట్లం విప్పగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎవరికైనా చెబుదామంటే ఎవరికి చెప్పను? వీడికే చెప్పాను. ఇది పనిచేస్తుందా?"

"చెయ్యొచ్చు. రక్తం గిట్టలో గడ్డకట్టకుండా ఆడడానికీ, పొట్టలో అజీర్తికీ ఇచ్చినట్టున్నాడు. తిండి ఎక్కువైన గుర్రానికేగా గిట్టలు ఇలా మండేది. ఆ చైనాయనకి పని తెలుసు. ఎలా పట్టిస్తున్నారు?"

"చేదు కదండీ, మొదట్లో ఉమ్మేశాడు. అందుకని గుగ్గిళ్ళలో కలిపి పెడుతున్నాను."

"దేంట్లో?"

"ఉలవ గుగ్గిళ్ళలో. బెల్లం వేసి."

"మళ్ళీ చెప్పండి."

"ఉలవలండీ. ఇండియన్ స్టోర్లో దొరికేవి ఎంత పాత ఉలవలైనా గుర్రానికి మంచివేగా? చలికాలం మొదట్లో వీడు ఎముకల గూడులా ఉండేవాడు. అప్పుడు మొదలుపెట్టాను. రోజూ ఒక గిన్నెడు. మందు మొదలెట్టాక రెండు గిన్నెలు. చేదు తెలియకుండా ఉండాలంటే మరి..."

"అమ్మా తల్లీ!"

"ఏమైంది?"

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అన్లేదు! తిండి ఎక్కువై వచ్చిన జబ్బుకి మందిచ్చి, ఆ మందుని మళ్ళీ అదే తిండిలో పెడుతున్నారు! పైగా బెల్లం! ఇక ఆ మందు ఎక్కడ పనిచేస్తుంది?"

"గుర్రాలకి ఉలవలే కదండీ పెడతారు? మన దగ్గర జట్కా గుర్రాలకి..."

"జట్కా గుర్రం పొద్దస్తమానం బండి లాగుతుంది. వీడు గదిలో కట్టేసిన చోటే నిలబడి ఉంటాడు!"

"అంటే నావల్లేనా? నా చేతులతో నేనే..."

"అలా కూలబడకండి. లేవండి. ప్రేమతో పెట్టారు. ఈ సంగతి ఆ డాక్టరుకి చెప్పారా?"

"నన్నెవరూ అడగలేదండీ. నేను ఇక్కడున్నట్టే వాళ్ళకి కనిపించను."

"సరే, వినండి. కారణం దొరికింది కాబట్టి మార్గం ఉంది. ఉలవలు బంద్. బెల్లం బంద్. ఎండు గడ్డి, నీళ్ళు, అంతే. మందుని కాచి, వడగట్టి, గొట్టంతో నోట్లో పొయ్యండి. కింద మెత్తగా ఇసక పోయించండి. నేను రోజూ డ్యూటీ దిగాక వస్తాను. లైసెన్స్ లేకపోతే పోనీ, ఇసక ఎత్తిపోయడానికి లైసెన్సెందుకు? మా ఆవిడ అడిగితే ఏదో ఒకటి చెప్తాను."

"బతుకుతాడా?"

"బతుకుతాడమ్మా. నాకు నమ్మకముంది. ఎన్నాళ్ళకో ఈ మాట నా నోట్లోంచి వచ్చింది. అదిగో, వ్యాను శబ్దం. ఆయనేనా?"

"ఆయనే."

"అయితే కళ్ళు తుడుచుకుని ఎదురెళ్ళండి. ఇది మా గుర్రం, మేం ఒప్పుకోం అని మొహం మీద చెప్పండి. తిండి సంగతి కూడా దాచకుండా చెప్పెయ్యండి. సొంతదారు వద్దంటే ఏ డాక్టరూ సూది ఎత్తడు."

"మీరు చెప్పండి."

"నేనెవర్నమ్మా చెప్పడానికి?"

"నేను మాత్రం ఎవర్నండీ?"

"అదేం మాట?"

"రేణు కాలేజీకి వెళ్ళిన ఏడే దాని గుర్రాన్ని అమ్మేశాం. ఇది ఎవరిదో కూడా నాకు తెలీదు. ఎవరో కొనుక్కొచ్చి ఇక్కడ పడేసి, మళ్ళీ మొహం చూపించలేదట. దీని కోసం ఎవరూ రావట్లేదని, నేనే వస్తున్నానండీ."