పెంపకం వాటా ఎంత?

కూసోండ్రి సారూ. చాయ్ మాత్రం అడగకుండ్రి. పూర్ణిమను ఇంకోసారి పరీక్షకు పంపమనడానికి మీకు నోరెట్లొచ్చింది?

అప్పుడు ఇదే కుర్సీల కూసొని ఏమంటిరి? 'అమ్మా, యూనివర్సిటీ నుంచి వచ్చిన, కవలల మీద పరిశోధన' అంటిరి. నా చెల్లెకు ఇద్దరు ఆడపిల్లలు ఒక్క కాన్పుల పుడితే, పిల్లల్లేని నా ఒళ్లె ఒకదాన్ని పెట్టింది. దాచిందేం లేదు, మిర్యాలగూడల మావోళ్లందరికీ ఎరుకే. పూర్ణిమ ఈడ, విమల కోదాడల. వేరే ఇండ్లల్ల పెరిగిండ్రని మీకెంత సంబురమయ్యె!

ఏం పరీక్షలవి? కోపం తొందరగ వస్తదా? కొత్తోళ్లతోని కలుస్తవా? చిక్కుగీతల బొమ్మల దాగిన త్రికోణాన్ని దేవులాడమన్నరు. ఇద్దరూ కాగితం అడ్డం తిప్పి పట్టుకున్నరంట! ఇద్దరి బుద్ధి నడిసే తీరు ఒక్కటే అని మురిసిపోతిరి. గాడికే ఆగొద్దా? 'స్వభావంల పెంపకం వాటా శాన తక్కువమ్మా' అని నా బిడ్డ ముంగటనే అంటిరి!

ఏందీ? అది వేలమందిని సూసి తీసిన లెక్కనా? ఒక్క మనిషికి పెట్టి సూడొద్దా? గా ముక్క గప్పుడే ఎందుకు చెప్పలే? ఇగ నిన్ను మీరు గీరు అననయ్యా!

జరమొస్తే దవాఖానల దాన్ని ఒళ్లేసుకొని కూసున్నది నేను. మాటలు నేర్పింది నేను. పోయిన నెల, హాస్టల్ వద్దు, ఇంటికాడ ఉండే చదువుకో అన్న. ఏమన్నదో ఎరుకేనా?

'నా గుణంల నీదేమున్నదమ్మా? సారే చెప్పిండు గదా.'

బట్టలు సర్దుకొని కోదాడ బస్సెక్కింది. బతిమాలిన. వెనక్కి తిరిగి గూడ సూడలే.

నిన్న చెల్లె ఫోన్ చేసింది. కోదాడల కాపురం, దాని మాటే మారింది. 'అక్కా, నా వల్ల కాదే! ఏం వండినా వంక పెడుతుంది. మా విమల నోరు తెరవదు, ఇదేమో మూయదు. నిన్నటి నుంచి అలిగి అన్నం ముట్టలేదు. అచ్చం నీలాగే పెంచావు!' అని ఒకటే ఏడుపు.

నాకెంత సంతోషమైందో సారూ! ఆడ నా బిడ్డ పస్తున్నది. ఈడ నేను ఫోన్ పట్టుకొని నవ్విన. ఇంటికి రమ్మని గూడ అనలే. ఇంకొన్నాళ్లు సతాయించనీ, పెంచుడంటే ఏందో కన్నతల్లికి గూడ తెలవనీ అనుకున్న.

ఏం స్వభావమయ్యా నాది? పుట్టుకతోనే వచ్చిందా, నువ్వొచ్చి పోయినంక పుట్టిందా?

వద్దులే, చెప్పకు. ఏదని తేల్చినా, మళ్ల ఫోనొస్తే నేను నవ్వుత.