తుపాకి గుండును తిప్పికొట్టిన వజ్రం

గాలయ్య నోరు తెరిస్తే మెదక్ ఖిల్లా గోడ కూడా జానెడు వెనక్కి జరిగి చోటిస్తుందని ఎలిశిబా అంటుండేది. ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ, తన అన్న గాబ్రియేలు ఇంటి అరుగు మీద ఆ గాలయ్యే కాలు మీద కాలేసుకుని కూర్చుని కనబడేసరికి, చాయ్‌లో వేయబోయిన చక్కెరలో సగం తిరిగి డబ్బాలో పోసింది.

పోలీస్ యాక్షన్ అయ్యి అప్పటికి రెండు నెలలు దాటింది. అంతకుముందు గాలయ్య జాగీర్దారు ఉండే దేవిడి బంగళాలో గుర్రాలకు గడ్డేసేవాడు. యూనియన్ మిలిటరీ వస్తుందని తెలియగానే జాగీర్దారు పోయాడు, గుర్రాలు పోయాయి, మిగిలింది గాలయ్య నోరు ఒక్కటే. దాన్నే మేపుకుంటూ ఆ అరుగు కాదంటే ఈ అరుగని తిరుగుతున్నాడు.

ఇవాళ ఊరికే రాలేదు. గాబ్రియేలు మిషన్ దవాఖానాలో కంపౌండరు. ఎల్లుండి ఆదివారం, గుడిలో ఆరాధన అయినాక, అతని కొడుకు జయానందానికీ తూప్రాన్ పిల్ల లిడియాకూ ప్రధానం. పాస్టరయ్య ఉంగరం మీద ప్రార్థన చేస్తే పిల్లవాడు పిల్ల వేలికి తొడగాలి. ఇంట్లో ఉన్నది జయానందం తల్లి, చనిపోయిన వదిన ఉంగరం, రాయీ రప్పా లేని బంగారు చుట్టు. తూప్రాన్ వాళ్ళు కలిగినవాళ్ళు, ఉత్త ఉంగరం చూసి నవ్వుతారేమోనని గాబ్రియేలుకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆ వాసన గాలయ్యకు ఎట్లా తగిలిందో గాని, వెండి ఉంగరంలో పొదిగిన శనగగింజంత తెల్లరాయి పట్టుకొచ్చి, దాన్నిచ్చి ఈ బంగారు ఉంగరాన్ని పట్టుకుపోతానంటున్నాడు. కొలత చూస్తానని వదిన ఉంగరాన్ని అప్పుడే తన చిటికెన వేలికి ఎక్కించుకున్నాడు కూడా. అది చూసి ఎలిశిబాకు వెంటనే తియ్యమనాలనిపించింది. కానీ ఇంటి పెద్ద అన్న. ఆమె చాయ్ గ్లాసులు అరుగు మీద పెట్టి గడప దగ్గరే నిలబడింది.

"నేనేం జేసిన్నని కంపౌండర్ సాబ్," గాలయ్య మొదలుపెట్టాడు, "మిలిటరోళ్ళు తూప్రాన్ కాడ తొవ్వ దప్పిండ్రు, నేను జర గిట్ల చెయ్యి జూపిచ్చిన, గంతే."

"గంతేనా?" అన్నాడు పక్కింటి ఐలయ్య, ఇంకా ఉంటుందని తెలిసే.

"గంతే అంటే గంతే గాదు. గదానికంటే ముంగటి దినం జాగీర్దార్ నన్ను పిలిచిండు. 'గాలయ్యా, నా గుర్రాలను నమ్మలే, నా బామ్మర్దులను నమ్మలే, నిన్ను నమ్మిన' అనుకుంట కండ్లల్ల నీళ్ళు పెట్టుకోని, గీ వజ్రం నా చేతుల వెట్టిండు. బేగం సాబ్ నిశ్చితార్థం నాటి వజ్రం! లోపల మచ్చ లేదు, ఈక లేదు, కాకిపాదమసొంటి గీత లేదు. ఎంత సాఫుదంటే, గ్లాసెడు నీళ్ళల్ల ఏస్తే కనబడది. ఒకపారి ఏసిన, మాయమైంది."

"మరి ఎట్ల దొరికె?" భూమయ్య అడిగాడు. ఎడ్లబండి తోలే మనిషి, పోయిన వస్తువు సంగతి వింటే ఊరుకోలేడు.

"నీళ్ళు తాగిన. పండ్లకు తాకింది. ఇగ ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేగుంట తొవ్వల రజాకార్లు అడ్డమొచ్చిండ్రు. నేను వజ్రాన్ని అంగీ జేబుల ఏసి ఉరికిన. ఒకడు తుపాకి పేల్చిండు. గుండొచ్చి టంగుమని జేబుల వజ్రానికి తాకింది, తాకి ఎట్లొచ్చిన గుండు అట్లనే మళ్ళి పోయి వాని తుపాకి గొట్టంల దూరింది! వాడు తుపాకిని తలకిందులు జేసి దులుపుకుంట నిలబడ్డడు, నేను నడుసుకుంట వచ్చిన."

"నడుసుకుంటనా?"

"ఉరికితే మర్యాద గాదు గదా! ఇంక ఇనుండ్రి. పొద్దుగాల ఖిల్లా మీదికెక్కి, వజ్రాన్ని కంటికి పెట్టుకోని జూసిన. ఏం కనబడ్డదనుకున్నరు? హైదరాబాద్! చార్మినార్ మీద పావురం, పావురం ముక్కుల జొన్నగింజ. గిది ఒట్టి రాయి గాదు, దుర్భిణి. గప్పుడే మిలిటరీ ట్యాంకులు వస్తుంటే కండ్లారా జూసి, సలాం కొడదామని చెయ్యెత్తిన. వజ్రం జారి కిందవడ్డది. ట్యాంకు దాని మీదికెళ్ళి పోయింది!"

భూమయ్య గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. గాబ్రియేలు ఎల్లుండి తన కోడలి వేలు మీద ఉండబోయే రాయి మీదుగా ట్యాంకు పోయినట్టే ముఖం పెట్టాడు.

"వజ్రానికేం గాలే. ట్యాంకు చక్రం దోసకాయ లెక్క రెండు తునకలైంది. కర్నల్ సాబ్ దిగి, నా ముంగట నిలబడి, 'గాలయ్య సాబ్, జర మీ రాయిని పక్కకు పెట్టుకోండ్రి, మాకింక శానా ట్యాంకులు లేవు' అని చేతులు జోడిచ్చిండు. నేనే జాలిపడి తీసిన. నేను తియ్యకపోతే పోలీస్ యాక్షన్ ఖిల్లా కాడనే ఆగేది!"

ఐలయ్య నవ్వు మింగాడు. గాబ్రియేలు మాత్రం నవ్వలేదు. "అంటే, పిల్ల అంట్లు తోమినా, పొలంల పని జేసినా ఏం గాదన్నట్టు," అన్నాడు మెల్లగా. అతని చెయ్యి వెండి ఉంగరం వైపు పోతోంది. తల ఊపితే చాలు, బేరం అయిపోయినట్టే.

ఎలిశిబా లోపలికి వెళ్ళింది. అల్లం దంచే గుండ్రాయి పట్టుకుని వచ్చి అరుగు మీద ధన్‌మని పెట్టింది.

"గాలన్నా, ఆ రాయి గిట్ల పెట్టు. ఒక్క దెబ్బ ఏస్త."

"ఎందుకక్కా?" గాలయ్య వెండి ఉంగరాన్ని గబుక్కున గుప్పిట్లోకి లాక్కున్నాడు.

"ట్యాంకు తొక్కితే పలగంది, అల్లం దంచే రాయికి పలుగుతదా? మా అన్న మనసు నిమ్మలమైతది."

"వద్దక్కా! నీకెర్క లేదు. వజ్రం గీతకు గట్టిది గని దెబ్బకు గట్టిది గాదు. దానికి లోపల పొర ఉంటది, పొర మీద దెబ్బ తాకిందంటే అసలు వజ్రం సుత చక్కగ రెండు తునకలైతది. దేవిడికొచ్చే షావుకారి నోట నా చెవులార ఇన్న!"

కూర్చున్నప్పటి నుంచీ గాలయ్య నోట వచ్చిన మొదటి నిజం అదేనని ఎలిశిబాకు అనిపించింది. దాన్ని అక్కడ పడేసినందుకు అతనే అందరికంటే ఎక్కువ బెదిరిపోయినట్టున్నాడు.

"మరి ట్యాంకు?" భూమయ్య అడిగాడు.

"ట్యాంకు... మెల్లగ తొక్కింది."

"తుపాకి గుండు?"

"పొర మీద తాకలే."

"సరే, దెబ్బ వద్దు," అంది ఎలిశిబా. "గీతకు గట్టిదంటివి గదా. అన్నా, నీ జేబుల ఆకురాయి ఉన్నదా?"

ఉంది. సూదిమందు గాజు సీసాల మెడ మీద గీత పెట్టి పుటుక్కున విరవడానికి కంపౌండరు జేబులో ఎప్పుడూ వేలెడు ఆకురాయి ఉంటుంది. గాబ్రియేలు దాన్ని తీశాడు. గాలయ్య గుప్పిట విప్పలేదు. ఐలయ్య ఒకవైపు, భూమయ్య ఒకవైపు జరిగి కూర్చునేసరికి విప్పాడు. గాబ్రియేలు రాయి మీద ఆకురాయిని ఒక్కసారి లాగాడు.

కిర్రుమంది.

రోజూ దవాఖానాలో వినే గాజు చప్పుడే. వేలికి తెలిసిన జారుడే. బొటనవేలితో తుడిస్తే తెల్లటి పొడి పోయింది గాని, గీత పోలేదు. గాబ్రియేలు ఇంకో గీత పెట్టలేదు. వెండి ఉంగరాన్ని గాలయ్య తొడ మీద పెట్టాడు.

"అట్ల జూస్తవేంది సాబ్? ఆ ఆకురాయి ఇంగ్లండ్ల జేసింది గద! ఇంగ్లండు ఆకురాయి ముంగట ఏ వజ్రమైనా సిగ్గువడి..."

"సిగ్గు సంగతి నీకెందుకు గాని, మా వదిన ఉంగరం తియ్యి," అంది ఎలిశిబా.

గాలయ్య చిటికెన వేలి ఉంగరాన్ని పట్టి లాగాడు. రాలేదు. తిప్పాడు. రాలేదు. వేలు ఎర్రగా ఉబ్బింది. ఎలిశిబా సబ్బుముక్క, ముంతెడు నీళ్ళు తెచ్చింది. అతని చెయ్యి తన వైపు లాక్కుని, బాగా నురగ పెట్టి, పంటి బిగువున ఒక్క గుంజు గుంజింది.

"అవ్వా! సచ్చిన్నే!" గాలయ్య అరిచిన అరుపుకు గుడి కాంపౌండులోని కాకులన్నీ లేచాయి. భూమయ్య చాయ్ మీద పోసుకున్నాడు.

ఎలిశిబా ఉంగరాన్ని కొంగుతో తుడిచి అన్న చేతిలో పెట్టింది. గాలయ్య వేలు నోట్లో పెట్టుకుని అరుగు దిగాడు. మూల మలుపు దాకా మాట్లాడకుండా నడిచాడు. మలుపు దగ్గర ఎవరో ఎదురైతే ఆ వేలు చూపిస్తూ ఏదో మొదలుపెట్టాడు.

ఆదివారం గుడిలో జయానందం ఆ ఉత్త ఉంగరాన్నే తొడిగాడు. గాబ్రియేలు తల ఎత్తలేదు. ప్రార్థన అయినాక లిడియా తల్లి సౌభాగ్యమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని, ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాయి లేదా వదినే?" అని ఎలిశిబాను అడిగింది.

గాబ్రియేలు మెల్లగా పాస్టరయ్య వెనక్కి జరిగాడు. ఎలిశిబా మాత్రం తడుముకోలేదు.

"ఉండె వదినే. శుక్రవారం నాడు సబ్బు పెట్టి కడిగిన, పోయింది."

లిడియా ఫక్కుమని నవ్వింది. తల్లి ఉరిమి చూసినా ఆపలేదు. నవ్వుతూనే ఆ వేలిని ముడిచి గుప్పిట్లో దాచుకుంది.